వన్స్‌మోర్ అంటే లేచే రాజు

మా మామయ్య పోయిన ఆదివారం పొద్దున చనిపోయారు. ఛాయ్ తాగి గ్లాసు నా చేతికిచ్చి, "జర ఒరుగుత బిడ్డా" అని మంచం మీద పడుకున్నారు. నేను గ్లాసు కడిగి వచ్చేసరికి నిద్రపోతున్నట్టే ఉన్నారు. అత్తమ్మ పక్కనే కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. ఆమెకు కూడా తెలియలేదు.

ఆ రోజు సూర్యాపేటలోని మా ఇంటికి వచ్చిన వాళ్లందరూ ఏడ్చారు. నేనూ ఏడ్చాను. కానీ ఏడుస్తూనే నా మనసులోంచి ఒక బరువు దిగింది. చాలా రోజులుగా మా ఇంట్లో అందరికీ ఒకటే భయం ఉండేది. మళ్లీ ఎప్పుడైనా ముఖానికి రంగు వేసుకుని, రాగం తీస్తూ తీస్తూ ఈయన స్టేజీ మీదే పడిపోతారని. అట్లా జరగలేదు. తన మంచం మీద, భార్య పక్కన ఉండగా, నొప్పి తెలియకుండా వెళ్లిపోయారు.

నేను ఆరో తరగతి వరకే చదివాను. నలుగురిలో మాట్లాడాలంటే గొంతు పెగలదు. మామయ్య గురించి రాయమని మా నాటకాల బృందంలోని కోదాడ టీచరమ్మ అడిగినప్పుడు నా వల్ల కాదన్నాను. "నువ్వు చూసిందే రాయమ్మా, చూడనిది మేం రాసుకుంటాం" అన్నారు. అందుకే చూసింది రాస్తున్నాను.

మామయ్య బస్సు కండక్టర్‌గా పనిచేశారు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల మధ్యే ఆయన ఉద్యోగమంతా గడిచింది. సీట్లో ఎవరైనా పాత నాటకంలోని పద్యం కూనిరాగం తీస్తే చాలు, టికెట్ చింపి ఇస్తూ తర్వాతి పాదం తాను అందుకునేవారట. ఆ మనిషి తలెత్తి చూసేవాడు. దిగేలోపు స్నేహం కుదిరేది. అట్లా దొరికిన వాళ్లే మా బృందం. నడిగూడెం రైతులు, మిర్యాలగూడ రైసుమిల్లు గుమాస్తా, కోదాడ టీచరమ్మ, ఇంకా చాలామంది. నెలకొక ఆదివారం, ఒక్కోసారి ఒక్కో ఊళ్లో కలుస్తారు. పొద్దున ఒక పాత నాటకం చదివి దాని మీద వాదించుకుంటారు. అన్నాలు తిన్నాక అందులోంచే ఒక రంగం వేషాలు కట్టి ఆడతారు.

నేను పెన్‌పహాడ్ నుంచి ఈ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలో వీళ్ల గొంతులు వింటేనే వంటింట్లోకి పారిపోయేదాన్ని. మామయ్య పొద్దున్నే బస్సు స్టాండులో అరిచినట్టు "సూర్యాపేట, సూర్యాపేట, లేవాలె, దిగాలె!" అని ఇల్లంతా లేపేవారు. ఒకరోజు నాటకం పుస్తకం తెచ్చి, తాను అప్పజెపుతుంటే తప్పులు పట్టమన్నారు. నేను తలుపు పరదా వెనక నిలబడి, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివాను.

"తొందరేం లేదు బిడ్డా" అన్నారు. "నీ కోసం బస్సు ఆపిన. నిమ్మలంగ ఎక్కు."

ఎన్నాళ్లయినా పరదా ఇవతలికి రమ్మని అడగలేదు. పరదా వెనకే ఉండి నేను చాలా నాటకాలు చదివాను.

నాటకం చూడని వాళ్ల కోసం ఒక మాట చెప్పాలి. పద్యం బాగా పాడితే చూసేవాళ్లు "వన్స్‌మోర్" అంటారు. అంటే మళ్లీ పాడాలి. పాడకపోతే వాళ్లను అవమానించినట్టే. యుద్ధంలో గాయపడిన రాజు పద్యం పాడి ప్రాణం విడిచినా సరే, వన్స్‌మోర్ అంటే లేచి, దుమ్ము దులుపుకుని, మళ్లీ పాడి మళ్లీ చావాలి. మామయ్య కట్టేది ఆ ముసలి రాజు వేషమే.

ఒకసారి మా ఇంట్లో దీని మీద పెద్ద వాదన జరిగింది.

"చనిపోయిన రాజు లేచి పాడితే ఇంక ఆ చావుకి విలువేముందండీ? నాటకం పాడైపోదూ?" అన్నారు టీచరమ్మ.

"టీచరమ్మా, సచ్చినోడు లేసి పాడుతుంటె సంబురపడాలె గని మొకం ముడుస్తరా? మనిండ్లల్ల ఎవ్వలన్న గట్ల లేస్తరా?" అన్నారు మామయ్య.

"అయితే ఎన్నిసార్లు లేస్తారు మీరు?"

"అడిగినన్ని సార్లు లేస్త."

"మా నాయిన మిర్యాలగూడల ఒక్క పూటనే మూడుసార్లు సచ్చిండు" అన్నారు మా ఆయన. అందరూ నవ్వారు. అత్తమ్మ మాత్రం లోపలి నుంచి, "నాలుగోసారి నిజంగనే పోతడు, గప్పుడు తెలుస్తది మీకు" అంది.

కొన్నాళ్లకే ఆయాసం మొదలైంది. దవాఖానకు తీసుకుపోతే గుండె బలహీనపడిందని, దమ్ము పట్టి రాగాలు తీయొద్దని డాక్టర్ చెప్పారు. ఇంటికి రాగానే అత్తమ్మ కిరీటం తీసి బియ్యం డ్రమ్ములో పెట్టి మూత బిగించింది. మర్నాటి నుంచి మామయ్య మమ్మల్ని లేపడం మానేశారు. అన్నంలో వేళ్లు పెట్టి అట్లా కూర్చుండిపోయేవారు. ఆయన అరుపు లేని పొద్దులు నాకు తెల్లారినట్టే ఉండేవి కావు.

కోదాడ వంతు వచ్చినప్పుడు ఆయనే అడిగారు. "ఒక్కటే పద్యం పాడి వస్త."

"పాడు, పాడి ఆడనే పండు. నిన్ను మోసుకపోనీకి మేం చాప తెస్తం" అంది అత్తమ్మ.

"పాడకుంటె ఈడనే పండుత. ఏదైతెంది?"

అత్తమ్మ బియ్యం డ్రమ్ము వైపు ఒకసారి చూసింది. తర్వాత, "ఆళ్లు వన్స్‌మోర్ అంటె?" అంది.

మామయ్య తల దించుకున్నారు. లేస్తానంటే అత్తమ్మ పంపదు. లేవనని అబద్ధం చెప్పడం ఆయన వల్ల కాలేదు.

"తెర తాడు ఎవ్వల చేతుల ఉంటది?" అని అత్తమ్మ కొడుకు వైపు చూసింది. "నువ్వైతె ఆళ్లకంటె ముందుగాల నువ్వే వన్స్‌మోర్ అంటవ్." తర్వాత నా వైపు చూసింది. "ఈ పిల్లకియ్యుండ్రి. నోట్లకెల్లి మాట రాదు గని, చెప్పిన పని జేస్తది. రాజు పడంగనె తెర వడాలె."

లేచి వెళ్లి బియ్యంలోంచి కిరీటం తీసి, కొంగుతో తుడిచి ఆయన ముందు పెట్టింది.

కోదాడలో ఆ మధ్యాహ్నం హాలు నిండిపోయింది. మామయ్య పాడటం మొదలుపెట్టారు. ఆ పద్యం పరదా వెనక నేను ఎన్నోసార్లు విన్నదే. కానీ ఆ రోజు అది ఒక ముసలాయన నిజంగా తన వాళ్లందరికీ చెప్పి వెళ్తున్నట్టుగా ఉంది. ఆఖరి పాదం దగ్గర రాగం అందుకున్నారు. మెడనరం ఉబ్బింది. చెయ్యి ఛాతీ మీదికి వెళ్లింది. అది రాజు చెయ్యో మామయ్య చెయ్యో నాకు తెలియలేదు. నేను తాడు ముడి విప్పి పట్టుకున్నాను. రాగం ముగించి ఆయన కింద పడిపోయారు.

చప్పట్లు మోగాయి. వెంటనే హాలంతా "వన్స్‌మోర్!" అని అరిచింది.

రాజు కళ్లు తెరిచారు. మోచెయ్యి నేలకు ఆనించి లేవబోతూ నా వైపు చూసి, దించొద్దని తల ఊపారు. ఆ ముఖంలో అంత ఆశ నేను ఎన్నడూ చూడలేదు. పెదవులు మాత్రం రంగు కింద నల్లబడుతున్నాయి. నేను తాడు వదిలేశాను.

తెర పడగానే గోల పెరిగింది. "ఎవలయ్య తెర దించింది? లేపుండ్రి రాజును!" అని ముందు వరుసల వాళ్లు లేచి నిలబడ్డారు. మా ఆయన మామయ్యను పట్టుకుని కూర్చోబెడుతున్నారు. టీచరమ్మ నా భుజం మీద చెయ్యి వేసి, "నువ్వే వెళ్లి చెప్పమ్మా. దించింది నువ్వేగా" అన్నారు.

ఎట్లా వెళ్లానో నాకు గుర్తులేదు. తెర ముందు నిలబడి, మనుషుల ముఖాలు చూడలేక వాళ్ల చెప్పులు చూశాను.

"రాజు ఇగ లేవడు" అన్నాను. "మా మామయ్యకు ఆయాసం ఉంది. నేను ఇంటికి తీస్కపోవాలె."

నిలబడ్డ వాళ్లు ఒక్కొక్కరే కూర్చున్నారు. వెనక నుంచి ఒక పెద్దాయన గొంతు వినిపించింది. "తీస్కపో బిడ్డా. మేం విన్నం, సాలు."

ఆ తర్వాత మామయ్య వేషం కట్టలేదు. చర్చలకు మాత్రం ఒక్కటి కూడా మానకుండా వచ్చారు. మొన్న మిర్యాలగూడలో కూడా టీచరమ్మతో వాదించారు, ఎవరికి వారు తామే గెలిచామనుకున్నారు. ఇంట్లో పొద్దుటి అరుపు మళ్లీ మొదలైంది. అంత గట్టిగా కాదు, పక్క గదికి వినిపించేంత. ఆ రోజులన్నీ మాకు దక్కినవే అనుకుంటాను.

ఇప్పుడు ఆయన్ని తలుచుకుంటే నాకు ముందుగా కోదాడ నుంచి వచ్చిన ఆ సాయంత్రం కిరాయి కారే గుర్తొస్తుంది. మందు పీల్చాక ఊపిరి నిదానించింది. డాక్టర్‌కు చూపించాక, ప్రయాణం చేయొచ్చంటేనే బయలుదేరాం. మా ఆయన ముందు కూర్చున్నారు. వెనక మామయ్య పక్కన నేను. కోదాడ దాటినా ఆయన నా వైపు తిరగలేదు. కోపం వచ్చిందనుకుని నేను కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాను.

"ఎవ్వలు దించమన్నరు నిన్ను?" అన్నారు ఉన్నట్టుండి.

"అత్తమ్మ."

"మీ అత్తమ్మ ఆడ లేదు గదా."

"నేనే దించిన మామయ్యా."

"ఆఁ, గట్ల చెప్పు" అని నవ్వారు. నవ్వు దగ్గుగా మారి తగ్గింది. "నాతోనైతె అయ్యేది గాదు బిడ్డా. ఆళ్లు అడిగితె నేను లేస్త. నువ్వు దించితివి, మంచిగైంది."

కాసేపటికి తల వెనక్కి వాల్చి నిద్రపోయారు. ముఖం మీద రంగు అట్లాగే ఉంది. అతికించిన మీసం ఒక పక్క ఊడి వేలాడుతోంది. ఆయన ఊపిరి వదిలినప్పుడల్లా దాని కొస లేస్తోంది, పీల్చినప్పుడు పెదవి మీదికి వాలుతోంది. తీసేద్దామని చెయ్యి చాచి మానుకున్నాను. సూర్యాపేట లైట్లు కనిపించేదాకా, లేచి వాలుతున్న ఆ మీసాన్నే చూస్తూ కూర్చున్నాను.