ఎర్రరాళ్ల గుంతలు పూడ్చిన గట్టయ్య

వర్ధన్నపేట నుంచి లోపలికి వాగు వెంబడి నడిచిపోతే ఒక చిన్న పల్లె వస్తుంది. ఆ పల్లెకు గట్టయ్య నీరటికాడు. చెరువు తూము ఎప్పుడు తెరవాలి, ఎవరి మడికి ఎంతసేపు నీళ్లు పారించాలి అన్నది అతని పని. తండ్రి నుంచి వచ్చిందది. పొద్దున్నే పార భుజాన వేసుకుని బయలుదేరితే ప్రతి గట్టు మీదా ఎవరో ఒకరు ఆపి మాట్లాడేవారు. ఇల్లు చేరేసరికి అన్నం చల్లారిపోయేది. ఊరందరితో మాట్లాడి వచ్చేసరికి తనతో మాట్లాడటానికి మాటలే మిగలవని భార్య సమ్మమ్మ దెప్పేది.

డెబ్బై నాలుగులో వానలు ముఖం చాటేసి చెరువు ఎండింది. నీళ్లు లేని చెరువుకు నీరటితో పనేముంది? అదే ఏడు వాగు ఒడ్డున ఎర్రరాళ్ల పని మొదలైంది. ఒడ్డు భూముల అడుగున, కంకరలో కలిసి, దానిమ్మ గింజల్లాంటి రాళ్లు ఉండేవి. నగలకు పనికిరావు. పొడి చేసి, వడ్రంగులు చెక్క రుద్దే గరుకు కాగితానికి అంటిస్తారట. హైదరాబాద్ కాంట్రాక్టరు ఒకాయన రైతుల చెలకలు, అంటే మెట్ట భూములు, కౌలుకు తీసుకుని తవ్వించాడు. కంకరను పొడుగాటి చెక్క తొట్లలో పోసి వాగు నీళ్లు వదిలితే తేలిక మట్టి కొట్టుకుపోయేది, బరువైన రాళ్లు అడుగున నిలిచేవి.

అక్కడి మేనేజరు కృపానందం హనుమకొండ మనిషి. ఆదివారం చర్చికి పోవడానికి తప్ప వాగు విడిచేవాడు కాదు. నీళ్ల పని తెలిసినవాడు కావాలని అడిగి గట్టయ్యను పిలిపించుకున్నాడు. తొట్ల నుంచి వచ్చే బురద నీళ్లు నేరుగా వాగులో కలిస్తే దిగువ వరి పొలాలు పాడైపోతాయి. అందుకని ఇద్దరూ కలిసి ఒకదాని కింద ఒకటిగా మూడు గుంటలు తవ్వించారు. మొదటి గుంటలో ఇసుక నిలిచేది, రెండో దాంట్లో బంకమట్టి, మూడో గుంటలో తేరిన నీళ్లను గట్టయ్య వాగులోకి వదిలేవాడు. తవ్వే ముందు పై నల్లమట్టిని వేరుగా కుప్ప పోయించింది మాత్రం కృపానందమే. ఆ కుప్పలు వానకు కరిగిపోకుండా గట్టయ్య వాటి మీద జనుము చల్లాడు. నాలుగేళ్లు పని బాగానే సాగింది.

డెబ్బై ఎనిమిది వానాకాలంలో పొద్దూమాపూ తెరిపి లేని ముసురు పట్టింది. ఒక తెల్లవారుజామున గట్టయ్య పోయి చూసేసరికి బంకమట్టి గుంట కట్ట బీటలు వారి ఉంది. పనివాళ్లు ఇంకా రాలేదు. కట్ట ముందుకు తెగితే ఊరందరి వరి, అదీ పొట్టకొచ్చిన వరి, బురద కింద పోతుంది. పక్కకు తెగితే అక్కడున్నది గట్టయ్య చెలక ఒక్కటే. ఉన్న భూమి అతనికి అదే. అతను పార తీసి పక్క కట్టను తెంపాడు. పసుపు రంగు బురద అతని కంది చేను మీదుగా వాగులోకి దూకింది. కాని ఒక పాయ అడ్డం తిరిగి, దిగువనున్న రాజమల్లు అనే రైతు మడులను నిండా కప్పేసింది.

గట్టయ్య కాపలా కాయక పడుకున్నాడు, అందుకే కట్ట తెగిందని ఊరు అనుకుంది. అతను నోరు విప్పలేదు. తానే తెంపానంటే రాజమల్లు పంటను కావాలని ముంచినట్టవుతుంది. తెంపలేదంటే నిద్రపోయినట్టవుతుంది. ఎటు చెప్పినా తప్పు తనదే అనిపించింది. గట్ల మీద మాటలు ఆగిపోయాయి. ఎదురుపడినవాళ్లు దారి తప్పుకునేవారు. బావి దగ్గర సమ్మమ్మ బిందె పెడితే మిగతా ఆడవాళ్లు చేదలు తీసుకుని పక్కకు జరిగేవారు. ఆమె ఒక ఏడాది ఓర్చుకుంది. పరకాలలో తమ్ముడి భార్య పురిట్లో చనిపోతే పిల్లల్ని చూసుకోవడానికని పోయి, మళ్లీ రాలేదు. గట్టయ్య కబురు పంపలేదు.

ఎనభైలో రాళ్లు తరిగిపోయి కాంట్రాక్టరు తొట్లు విప్పుకుపోయాడు. రాళ్ల కోసం తవ్విన గుంతలు పూడ్చే మాట ఎవరూ ఎత్తలేదు. కృపానందం రెండు పారలు, ఒక తోపుడు బండి గట్టయ్యకు వదిలి, తాను అడిగి చూశాననీ, పైవాళ్లు వినలేదనీ చెప్పి బస్సెక్కాడు.

ఆ వేసవి నుంచి గట్టయ్య ఒక్కడే పని పట్టాడు. గుంత అడుగున పెద్ద రాళ్లు, వాటి మీద కంకర, దాని మీద గుంటల నుంచి తవ్వి తెచ్చిన బంకమట్టి, అన్నిటికీ పైన నల్లమట్టి. ఒక గుంత పూడగానే జనుము వేసి, పూతకు వచ్చాక అక్కడే కలియదున్నించాలని ఎద్దుల కోసం అడిగాడు. ఊళ్లో ఎవరూ ఇవ్వలేదు. పారతోనే తిరగేశాడు. తొలి ఏడు వానకు అంతా కొట్టుకుపోయింది. మరుసటి ఏడు వాలుకు అడ్డంగా కట్టలు పోసి, నీళ్లు ఒక మూలకు చేరి రాళ్లు పేర్చిన మత్తడి మీదుగా మెల్లగా దిగేటట్టు చేశాడు. కొన్ని రోజులు ఎవరితోనూ ఒక్క మాట లేకుండానే గడిచేవి. ఒకనాడు తుమ్మ మీద వాలిన పిట్టను అదిలించబోతే తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

అతను మొదట పట్టింది బురద కోసిన తన చెలకను కాదు, దానికి ఎగువన కాంట్రాక్టరు తవ్వి వదిలేసిన రాజమల్లు చెలకను. సంగతి తెలిసి రాజమల్లు వచ్చాడు. బురద పడ్డ నాటి నుంచి అదే మొదటి పలకరింపు.

"నా భూమిల నీకేం పని?"

"పై గుంతలు పూడకపోతే కింద నా చెలక నిలవదే అన్నా. వాన వచ్చినప్పుడల్లా కోసుకపోతాంది."

రాజమల్లు కొత్తగా పోసిన కట్టల వెంబడి నడిచి చూసి వెళ్లిపోయాడు. మర్నాడు పొద్దున కట్ట దగ్గర నాగలి, రెండెద్దులు ఉన్నాయి. మనిషి మాత్రం లేడు.

ఎనభై ఐదులో ఆ నేలలో పెసర పండింది. పంట గొప్పదేం కాదు, కాని గింజ గట్టిపడింది. రాజమల్లు ఒక గంపెడు పెసలు గట్టయ్య గడపలో పెట్టించాడు. వాటిలో సగం మూట కట్టుకుని గట్టయ్య పరకాలకు పోయాడు.

సమ్మమ్మ తల సగం నెరిసింది. మూట అందుకుని, కాళ్లకు నీళ్లిచ్చి, అన్నం పెట్టింది. భూమి బాగయిందనీ, ఇక వచ్చేయమనీ అతను అన్నాడు. ఎన్నడూ లేనిది, ఆ ముసురు నాటి సంగతి కూడా మొత్తం చెప్పాడు. ఆమె గరిటె గిన్నెలో పెట్టేసింది.

"మన దిక్కు నువ్వే తెంపినవా? నాకెందుకు చెప్పలే?"

"చూసినోళ్లు లేకపాయె. చెప్తే ఎవరు నమ్ముతరు?"

"నేను నమ్మేదాన్ని."

బడి విడిచాక తమ్ముడి పిల్లలు ఇల్లు చేరారు. చిన్నది సమ్మమ్మ కొంగు పట్టుకుని అమ్మా అని పిలిచింది.

"వీండ్లను ఇడిచి ఇప్పుడెట్ల రావాలె? నువ్వు తిను," అంది ఆమె.

మరుసటి ఏడు పెసర కోతలకు ఆమె ఒక్కసారి వచ్చింది. అతనితో కలిసి గట్టు గట్టూ తిరిగి, తమ చెలకలో మొలిచిన కంది మొక్కల మధ్య కాసేపు కూర్చుని, సాయంత్రం బస్సుకు వెళ్లిపోయింది. కట్ట తెంపిన సంగతి బావి దగ్గర ఆడవాళ్లకు తనే చెప్పి పోయిందని గట్టయ్యకు తరువాత తెలిసింది.

అప్పటి నుంచి ఊళ్లో నీళ్ల పని ఏది పడ్డా అతన్ని పిలిచేవారు. పోయేవాడు, పార పట్టి చేసి వచ్చేవాడు. పని అయ్యాక కూర్చోమని బతిమాలేవారు, చాయ్ తెప్పించేవారు. అతను నిలబడే తాగేవాడు. అడిగినదానికి చెప్పేవాడు, అంతే. ఒంటరిగా గడిచిన ఆ ఏళ్లలో మాట్లాడే అలవాటు పోయింది. జనం మళ్లీ దగ్గరికి వచ్చినా అది తిరిగి రాలేదు. గ్లాసు పక్కన పెట్టి, పొద్దు వాలకముందే వాగు వైపు నడిచేవాడు.