ఏడిళ్ళ బియ్యం

మొన్న బియ్యం మూట మూడో అంతస్తుకు మోసుకొచ్చిన అంగడాయన దాన్ని వంటగది మూల దించి, తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ, "అక్కా, ఈ అపార్టుమెంటులో మూట తీసుకునేది మీరొక్కరే. మిగతావాళ్ళకి కిలో ప్యాకెట్టే పది దినాలు వస్తాది. కొందరికి అదీ అక్కర్లే" అన్నాడు. వాన పడలేదని చెప్పినట్టు మామూలుగా చెప్పాడు. మజ్జిగ ఇచ్చి పంపించాను గానీ, ఆ మాట మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది. మా ఇల్లు మాత్రం వేరేగా ఉందా? మా అమ్మాయి తెల్లవారకముందే నాయుడుపేట వైపు కంపెనీ బస్సెక్కుతుంది. టిఫిను, భోజనం అక్కడే. మా ఆయన మధ్యాహ్నం తిండి కూడా బయటే. ఒకప్పుడు నెలకే అయిపోయే గ్యాసు సిలిండరు ఇప్పుడు మూడు నెలలు వస్తోంది. చింతపండు నల్లబడుతోంది, కందిపప్పుకు పురుగు పడుతోంది. అలాగని డబ్బు మిగిలేదేమీ లేదు. అదంతా టీ బంకుల్లో, బిర్యానీ పొట్లాల్లో, బస్టాండు పక్క బజ్జీల్లో ఖర్చయిపోతుంది. తప్పని అనడం లేదు. ఇంట్లో ఉండని మనిషి ఇంటికోసం ఏం కొంటాడు? మంచి చెప్పులు కొంటాడు, భుజానికి మంచి బ్యాగు కొంటాడు. నేను మాత్రం ఇంకా మూటే తెప్పిస్తాను. అలవాటనుకోండి, భయమనుకోండి. పెరటాసి నెల దగ్గర పడుతున్నందువల్ల కావచ్చు, ఈసారి ఆ మూటను చూడగానే మా అత్త గుర్తొచ్చింది.

మా వైపు, సెప్టెంబరు నడిమిన మొదలయ్యే ఈ పెరటాసి నెల శనివారాల్లో స్వామికి తళిగ వేస్తాం. తలస్నానం చేసి, మడిగా వండిన అన్నం, పప్పు, పులిహోర, వడలు అరిటాకులో వడ్డించి, పిండి దీపం వెలిగించి, ఇంటిల్లిపాదీ గోవిందా అని గొంతెత్తి పిలుస్తాం. మా అత్తది అందులో ఇంకొక మెట్టు. మా ఆయన పాలు తాగే వయసులో జ్వరం దిగక కళ్ళు తేలేస్తే, బిడ్డ బతికితే ప్రతి ఏడూ మూడో శనివారం ఏడిళ్ళ బియ్యం ఎత్తి తళిగ వేస్తానని మొక్కుకుంది. బిడ్డ బతికాడు. చంద్రగిరిలో మేమున్న వీధిలో ఆమె ఏనాడూ మొక్కు తప్పలేదు. పసుపు చీర, నుదుట నామం, చేతిలో తులసిమాల చుట్టిన ఇత్తడి చెంబు. మనిషి పొట్టి, గొంతు పెద్దది. గడప ముందు నిలబడి ఒక్కసారి గోవిందా అంటే చాలు, ఆడవాళ్ళు చేటలో బియ్యంతో వచ్చేవాళ్ళు. కాలవ నీళ్ళ తగాదాతో మూడు నెలలుగా మాటల్లేని ఎదురింటావిడ కూడా ఆ రోజు దోసిలి నిండా పోసేది; మరునాడు మళ్ళీ మాటలుండేవి కావు. ఒకరివి పాత బియ్యం, ఒకరివి కొత్తవి, ఒకరివి రేషనువి. ఆ అన్నం ఎప్పుడూ సమంగా ఉడికేది కాదు. కొంత ముద్ద, కొంత పలుకు. నేను నొచ్చుకుంటే, "ఏడిండ్లు ఒకే మాదిరి ఉడకతాయామ్మే?" అనేది.

అమ్మాయి కంపెనీ బస్సు కోసం మేము తిరుపతికి మారిన ఏడాది సంగతి చెప్పాలి. అత్తకు అప్పటికి ఎనభై దాటాయి. తళిగ వేసేదాకా ఆ రోజు మంచినీళ్ళు కూడా ముట్టదు, మాత్రలు సరేసరి. పొద్దున్నే ఇద్దరం చెంబు పట్టుకుని కింది అంతస్తు నుంచి మొదలుపెట్టాం. వరసగా నాలుగు తలుపులకు తాళాలు. ఆమె తాళాల ముందు కూడా ఆగి, గొంతు తగ్గించి గోవిందా అని, కదిలేది. రెండో అంతస్తులో ఒక అబ్బాయి బూట్లు కట్టుకుంటూ కనిపించాడు.

"అవ్వా, దుడ్డు ఇస్తా. ఫోన్లో ఏస్తే సరిపోదా?"

"దుడ్డు ఒద్దు నాయనా. పిడికెడు బియ్యం పెట్టు."

"బియ్యం యాడుండాయవ్వా! వండేదానికి సట్టి గూడా లేదు. సందు చివర మెస్సులో తింటా."

అత్త గుమ్మం పక్కన అరలోకి చూసింది. "బూట్లు అయిదు జతలుండాయే, బియ్యం లేవా?"

"తిరిగేది ఎక్కువ, ఇంట్లో ఉండేది తక్కువ గదవ్వా" అని నవ్వి, ఆమె కాళ్ళకు దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. మంచి పిల్లవాడే. కానీ అత్త ముఖం చిన్నబోయింది. బియ్యం అయిపోయినా లేవు అనడానికి నోరు రాని ఇళ్ళల్లో పెరిగినవాళ్ళం మేము. నిండుకున్నాయి అంటాం. ఆ 'లేవు' అన్న మాట ఇంత తేలిగ్గా వినడం ఆమెకు అదే మొదలు.

పదకొండయ్యేసరికి రెండిళ్ళ బియ్యమే చేరాయి. అత్త మెట్ల మీద కూర్చుండిపోయింది. పెదవులు ఎండిపోయాయి. నాకు భయం పట్టుకుంది. మీరు కూర్చోండి, పై అంతస్తు నేను చూసొస్తానని చెంబు తీసుకుని, నేరుగా మా వంటింట్లోకి వెళ్ళాను. మా డబ్బాలోంచే అయిదు పిడికిళ్ళు పోశాను. స్వామీ, ముసలి ప్రాణం, నువ్వే క్షమించాలి అనుకున్నాను. కిందికి వచ్చి, "అయిదిళ్ళూ దొరికాయత్తా" అన్నాను.

ఆమె చెంబులో చెయ్యి పెట్టింది. వేళ్ళు కాసేపు కదిలి ఆగిపోయాయి.

"ఇవి నిన్న సాయంత్రం నేను రాళ్ళేరిన బియ్యం."

తల ఎత్తలేకపోయాను. తిడితే బాగుండుననుకున్నాను. ఆమె మెల్లగా, "ఆకలి నాది, అబద్ధం నీది. ఇద్దరం కలిసి ఆయన కాడికి ఎట్ట పోయేదమ్మే?" అంది. కలిసిపోయిన బియ్యాన్ని మళ్ళీ వేరు చేసేదెట్లా? చెంబంతా మా డబ్బాలోనే ఒంపేయించింది. నా తెలివి వల్ల ఆ రెండిళ్ళు కూడా పోయాయి. మిట్టమధ్యాహ్నం, ఖాళీ చెంబు, నీళ్ళు ముట్టని మనిషి. వచ్చే శనివారం చూద్దామన్నాను. ఆమె వినిపించుకోలేదు. "ఆ పిలగాడు తినేది యాడని చెప్పినాడు?" అంది.

సందు చివరికి వంద అడుగులుంటుందేమో. నాలుగుచోట్ల ఆగి నడిచాం. మెస్సు గుమ్మంలో ఆమె గోవిందా అనగానే లోపల గరిటెలు ఆగిపోయాయి. మెస్సు నడిపే ఆమె చేతులు కొంగుకు తుడుచుకుంటూ పరిగెత్తుకొచ్చింది. "ఇది అంగడి గదా పెద్దమ్మా, ఈడికి ఎవురూ రారే!" అంది. ఆ గొంతులో ఆశ్చర్యం కంటే బెరుకే ఎక్కువగా వినిపించింది.

"పొద్దన్నించి పొయ్యి ఆరలేదు గదమ్మా నీకు, ఇది ఇల్లు కాకపోతే ఇంకేంది?" అంది అత్త.

బల్ల దగ్గర తింటున్న రెండో అంతస్తు అబ్బాయి తలెత్తి, "అవ్వా, ఈడికి గూడా వచ్చేసినావా!" అన్నాడు. అందరూ నవ్వారు. అత్త నవ్వలేదు. అతన్ని దగ్గరికి పిలిచింది. "నెల నెలా ఈడ దుడ్డు కడతావు గదా. అంటే ఈ మూటలో నీ ఇంటి బియ్యం గూడా ఉండాయి. చెయ్యి కడుక్కోని వచ్చి నీ చేత్తో ఒక పిడికెడు పొయ్యి."

అతను నిజంగానే చెయ్యి కడుక్కుని వచ్చి, మెస్సు ఆమె విప్పిన మూటలోంచి పిడికెడు తీసి, రెండు చేతులతో చెంబులో పోశాడు. అతని వెనక మా అపార్టుమెంటు వాళ్ళే ఇంకో ముగ్గురు లేచారు. పొద్దున మేము ఏ తాళాల ముందు నిలబడ్డామో ఆ తాళాలవాళ్ళు. పక్క వీధి వాళ్ళు ఇద్దరు కలిశారు. ఆరయ్యాయి. ఏడో పిడికిలి కోసం అత్త చుట్టూ చూస్తుంటే, మెస్సు ఆమె అడిగింది: "నా ఇల్లు లెక్కలోకి రాదా పెద్దమ్మా? నా ఇంట్లో పొయ్యి పండగకే వెలిగిస్తా. పడుకునేదానికే ఆడికి పొయ్యేది." అడుగుతూనే ఆమె కళ్ళు నిండాయి. పోసిన బియ్యం పిడికెడు కాదు, దోసిలి.

తళిగ వేసేసరికి మూడయింది. మెస్సు బియ్యమంతా ఒకటే మూటది కాబట్టి, అత్త జీవితంలో మొదటిసారి ఆ అన్నం సమంగా ఉడికింది. అది ఆమెకు కొంచెం వెలితిగానే తోచినట్టుంది. దీపం ముందు అందరికంటే పెద్ద గొంతుతో గోవిందా అని, మంచినీళ్ళు తాగి, మిగిలిన పులిహోరను మెస్సుకు పంపించింది. నా అబద్ధం సంగతి అత్త మా ఆయనకు గానీ, అమ్మాయికి గానీ ఎప్పుడూ చెప్పలేదు. మరుసటి ఎండాకాలంలో, ఒక మధ్యాహ్నం నిద్రలోనే వెళ్ళిపోయింది. ఆ చివరి మొక్కును నేను చెడగొట్టబోతే చెడనివ్వకుండా తీర్పించిన స్వామికి, చెయ్యి కడుక్కుని వచ్చిన ఆ పిల్లలకు, ఆ మెస్సు తల్లికి దీపం పెట్టినప్పుడల్లా దణ్ణం పెట్టుకుంటాను.

అప్పటినుంచి మూడో శనివారం నేనే చెంబు పట్టుకుని మెస్సుకు వెళ్తున్నాను. అయినా ముందు మా అంతస్తులన్నీ తిరిగి, తాళాలన్నీ చూసుకున్న తర్వాతే సందులోకి దిగుతాను. కాలం ఎటు పోయిందో తెలుసుకోవడానికి ఎనభై దాటిన ఆ మనిషికి ఒక్క మధ్యాహ్నం సరిపోయింది. నాకు మాత్రం ఇంకా కొన్ని పెరటాసి నెలలు పట్టేటట్టున్నాయి.