అడిగితే లేదనని అపిసాయి

మా సింగతోక లోయలో అపిసాయిని ఏదైనా అడగాలంటే పొద్దున్నే వెళ్లాలి. మధ్యాహ్నానికి ఇంకెవరో పట్టుకుపోతారు. చుట్టం నోరు తెరిచి అడిగితే లేదనకూడదన్నది ఇక్కడి ఫిజీవాళ్ల మర్యాద. మిగతావాళ్లు మంచి వస్తువేదైనా ఉంటే ముందే మంచం కింద దాచేస్తారు. ఈ మహానుభావుడికి దాచడమూ రాదు. ఎముక లేని చెయ్యి. ఓసారి నా లారీ జాకీని కూడా ఎవరికో ఇచ్చేశాడు. ఇదేమిటయ్యా అంటే, "వాడి చక్రం బురదలో కూరుకుపోయింది, నీది బాగానే ఉందిగా" అన్నాడు. ఈ మనిషి మీద కోపం నిలుపుకోవడం ఇరవై ఏళ్లుగా నాకు చేతకాలేదు.

అందరికంటే ఎక్కువ పట్టుకుపోయింది నెమాని. మేనత్త కొడుకు, ఏటి అవతలి ఊరివాడు. వాడు "బావా, అది నాకు కావాలి" అంటే చాలు, చేపల వలైనా పందిపిల్లైనా ఏరు దాటేసేది.

రగ్బీలోనూ ఇదే బుద్ధి. ఆ ఆటలో బంతిని ముందుకు విసరకూడదు, వెనక వచ్చేవాడికే అందించాలి. వెనకనుంచి ఎవరు పిలిచినా అపిసాయి ఇచ్చేస్తాడు. ముప్పై ఆరేళ్లు వచ్చినా, తన చేత్తో ఒక్కసారీ గీత అవతల బంతిని నేలకు ఆనించి పాయింట్లు తేలేదు. నిరుడు రెండూళ్ల ఫైనల్లో గీత పదడుగుల దూరంలో ఉండగా వెనకనుంచి "బావా, ఇటు" అని వినబడింది. ఇచ్చాడు. అందుకున్నది ఆయన్ని తరుముకొస్తున్న అవతలి జట్టు నెమాని.

ఓడిపోయాం. ఏడాది పొడుగునా సాయంత్రాలు యంగోనా వేరు కలిపిన మత్తునీళ్ల గిన్నె చుట్టూ చేరినప్పుడల్లా అదే దెప్పిపొడుపు. ఈసారి ఫైనల్‌కి మా కెప్టెన్ ఖరాఖండిగా చెప్పేశాడు. "ఇవ్వబోయినట్టు చూపించి బంతి ఉంచేసుకోవడం నేర్చుకో మామా. మళ్లీ నిరుటిలా చేశావంటే జెర్సీ మడిచి నాకిచ్చెయ్. ఇక ఆడింది చాలు."

అపిసాయికి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆట తప్ప తనకంటూ ఆయన ఉంచుకున్నదేముంది?

సాయంత్రాలు పెరట్లో ఆయన భార్య మెరెవాయ్ పక్కన పరుగెత్తుతూ "ఇటివ్వు" అనేది. ఆయన చేతులు చాచాలి, చూపు అటే తిప్పాలి, ఆఖరి క్షణంలో బంతిని పొట్టకు హత్తుకోవాలి. వారం రోజులూ బంతి ఆవిడ చేతుల్లోనే పడింది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు కదా.

"అబద్ధమాడినట్టుందే" అన్నాడు.

"ఉప్పు తెస్తానని పోయి మూడు రోజులు చేపల వేటలో కూర్చున్నప్పుడు లేదేం ఈ పట్టింపు?" అంది మెరెవాయ్.

ఫైనల్ నాడు ఇంకో నిమిషం ఉందనగా రెండు జట్లూ సమానంగా ఉన్నాయి. బంతి అపిసాయి చేతిలో. ఎదురుగా నెమాని ఒక్కడే. కుడిపక్కనుంచి కెప్టెన్ "ఇవ్వు మామా, ఇవ్వు" అని అరుస్తున్నాడు.

నెమాని నవ్వాడు. "అడిగాడుగా బావా, ఇచ్చెయ్. నీకలవాటేగా."

అపిసాయి చేతులు చాచాడు. చూపు కెప్టెన్ మీదే. ఇంకేముంది, నెమాని కెప్టెన్ మీదికి దూకాడు. బంతి మాత్రం అపిసాయి చేతులు దాటలేదు. ఆయన ఖాళీ అయిన దారిలో పరుగెత్తి, గీత దాటి, బంతిని నేలకు ఆనించి దానిమీదే బోర్లా పడుకున్నాడు. నేను లారీ హారన్ మీద నుంచి చెయ్యి తీస్తే ఒట్టు.

మావాళ్లంతా మీదపడి ఎత్తుకుంటున్నా ఆయన తప్పు చేసినవాడిలా నెమాని వైపే చూస్తున్నాడు. నెమాని మెల్లగా వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"కోపమొచ్చిందా?" అన్నాడు అపిసాయి.

"లేదు బావా. నీకు లేదనడం చేతకాదనుకున్నా ఇన్నాళ్లూ. అందుకే సిగ్గులేకుండా అడిగేవాణ్ని." నెమాని ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "ఆ పెద్ద తుపాను వచ్చిన ఏడాది నీ ఇంటి కప్పు రేకులు ఊడదీసి నాకిచ్చావు. లేదనగలిగి కూడా ఇచ్చావా?"

"నీ ఇంట్లో పురిటి బిడ్డ ఉందిగదరా" అన్నాడు అపిసాయి.

నెమాని ఆయన భుజం మీద తల పెట్టి ఏడ్చేశాడు.