గ్రహణం నాటి చూడి పిల్లి

పురిటికని గోపాలపట్నంలో అమ్మ దగ్గరకు వచ్చాను. ఎనిమిదో నెలలో బిడ్డ కడుపులోనే పోయింది. ఆ తర్వాత కూడా అక్కడే ఉండిపోయాను. మా ఆయన అచ్యుతాపురంలో షిఫ్టు దిగి అప్పుడప్పుడు వచ్చి, పక్కన కూర్చుని, ఫ్యాను వంక చూసి వెళ్ళేవాడు. పాపం, ఏం మాట్లాడతాడు? అమ్మ వేళకి అన్నం పెట్టేది, తలకు నూనె రాసేది, నా ముఖం మాత్రం చూసేది కాదు. తప్పు నాదే అనుకుంటోందని నాకు ఒళ్ళు మండేది. ఏం చేశాను నేను? ఆరో నెలలో చంద్రగ్రహణం వస్తే అమ్మే పనిగట్టుకుని మా ఇంటికొచ్చి తలుపులన్నీ మూసింది. ఆవిడ చెప్పినట్టే కాళ్ళు చాపుకుని కట్టెలా పడుకున్నాను. వీపు దురద పెట్టినా గోక్కోలేదు.

అలాంటప్పుడు వచ్చింది పిల్లి. బూడిద రంగు, నేలకు తాకే పొట్ట. మేడమెట్ల కింద అట్టపెట్టెలోకి ఇల్లుగలావిడలా దిగింది. మొదట్లో దాన్ని చూస్తే ఏడుపొచ్చేది. అసూయే, దాచడమెందుకు? తర్వాత పాలన్నం పెట్టాను. వీధిలోకి వచ్చే చేపలావిడ దగ్గర తలకాయలు అడిగి ఉడకబెట్టాను. పొట్ట మీద చెయ్యేస్తే లోపల పిల్లలు కదిలేవి. ఆ కదలిక నాకు తెలుసు. చెయ్యి తీసేసేదాన్ని, మళ్ళీ వేసేదాన్ని.

నా బిడ్డ కోసం అమ్మ పాత నేత చీరలు చింపి, ఉతికి, మూటకట్టి అటక మీద పెట్టింది. పిల్లికి పరుద్దామని దింపబోతే, "అది ముట్టుకోకు!" అని అరిచింది. గోనెసంచి పరిచాను.

ఇంతలో మళ్ళీ గ్రహణం, ఈసారి సూర్యుడికి. అమ్మ పచ్చళ్ళ జాడీల మీదా, నీళ్ళ బిందె మీదా దర్భలు వేసి, పిల్లి కోసం వెతికింది.

"సూడిపిల్లి బయటుండకూడదే. పిల్లలకి మొర్రి వత్తాది. పట్టుకో దాన్ని!"

"పిల్లికి పంచాంగం ఎవులు సెప్తారమ్మా?"

అది దొరకలేదు. ఎండ మసకబారుతుంటే కిటికీ సందులోంచి చూశాం. పక్కింటివాళ్ళు గ్రహణమని పారబోసిన చేపల కూర ప్రహరీ పక్కన నిదానంగా తింటోంది. అమ్మ గోడకు చేరగిలబడి ఏడ్చింది. పిల్లి కోసం ఇంత ఏడుపా అని వింతగా అనిపించింది. నా బిడ్డ పోయినప్పుడు కూడా ఆవిడ నా ఎదుట ఏడవలేదు.

కొన్నాళ్ళకు ఒక పొద్దున పిల్లి పిల్లలు పెట్టింది. తల్లి గుర్రుమంటున్నా లెక్కచేయకుండా అమ్మ పెట్టె పక్కన కూర్చుని, ఒక్కో పిల్ల పెదవినీ చిటికెన వేలితో తడిమింది. అన్నీ నిక్షేపంగా ఉన్నాయి.

"దీనికేటీ అవలేదే. గ్రహణమంతా బయటే తిరిగింది. తినీసింది కూడాను."

అప్పుడు నా ముఖం చూసింది. ఇన్నాళ్ళకు.

"నీ ఆరోనెల గ్రహణం నాడు నిద్దట్లో నీళ్ళు నీళ్ళన్నావే. నాకు మనసాగలేదు. గ్రహణం ఇంకా ఇడవనేదు, సెంచాతో నీ నోట్లో పోసీసేను. రెండు సుక్కలే. నానే నీ బిడ్డని సంపీసేననుకున్నానే."

ఆ నీళ్ళు నాకు గుర్తే లేవు. గుర్తుంటే, చల్లగా ఉన్నాయమ్మా అని చెప్పేదాన్ని. "నీ వల్ల కాదమ్మా" అని మాత్రం ఏడుస్తూ అన్నాను. విన్నదో లేదో, లేచి వెళ్ళి మూట దింపుకొచ్చింది. గోనెసంచి లాగేసి, నా బిడ్డ గుడ్డలు ఒక్కొక్కటే పిల్లి కింద పరిచింది.

నేను అడ్డు చెప్పలేదు. ఒక్క గుడ్డ మాత్రం అడిగి తీసుకున్నాను.