సుగ్గి లారీ, రోహింగ్యాల పడవ

ఆదోనిలో ఒక హిందీ సినిమాను థియేటరు నిండా ఉన్న జనానికి నేను తెలుగులో చెప్పి ఏడిపించాను. తెర పక్కన నిలబడి, మైకు కూడా లేకుండా. సినిమా అయ్యాక జనం నన్ను కదలనివ్వలేదు.

సరే, అది థియేటరు కాదు. ఎమ్మిగనూరు దారిలో ఉన్న మా ఊళ్లో, మా ఇంటి టీవీ. జనమంటే నా భార్య, మా చేలో పత్తి తీసే ఆమె, పదో తరగతి చదివే ఆమె కూతురు. తల్లీకూతుళ్లు గడప అవతలే కూర్చున్నారు. ఆదోనిలో మార్వాడీ సేటు జిన్నింగు మిల్లులో ముప్పై ఏళ్లు పనిచేసినవాణ్ని కాబట్టి నాకు హిందీ వచ్చన్న మాట నిజం. సగం నిజం. అర్థం కాని చోట సొంతంగా కల్పించాను.

సినిమా రోహింగ్యాలది. బర్మాలో ఇళ్లు తగలబెడితే సముద్రం మీద పడి పారిపోయే కుటుంబం కథ. చాపలు, బొచ్చెలు, బియ్యం మూట, పసిబిడ్డ, అన్నీ పడవలోకి ఎక్కిస్తున్నారు. అది చూసి పత్తి తీసే ఆమె అడిగింది.

"వీళ్లు సుగ్గికి యా ఊరికి పోతాండారప్పా?"

మిరపకాయలు కోయడానికి ఇంటిల్లిపాదీ గుంటూరు వైపు వలసపోవడాన్ని మేం సుగ్గి అంటాం. నేను పగలబడి నవ్వాను.

"సుగ్గి కాదమ్మా. వీళ్లకు దేశమే లేదు. యాడికి పోయినా పొమ్మంటారు."

"మమ్మల్ని మాత్రం రమ్మంటారా? పోయినేడు చేను గట్టున గుడిసె ఏసుకుంటే, బోరు కాడికి రావద్దనిరి."

నా నవ్వు ఆగింది గానీ వ్యాఖ్యానం ఆగలేదు. ఒడ్డున ఉన్నవాళ్లు పడవను కర్రలతో వెనక్కి నెట్టే చోట కళ్లు తుడుచుకుంటూ, "మనుషులేనా వీళ్లు? కాస్త చోటిస్తే ఏం పోతుంది?" అని తిట్టాను. తువ్వాలు తడిసింది. దీన్ని మాత్రం పెంచి చెప్పడం లేదు.

ఆ తడి చూసే కాబోలు, ఆమెకు ధైర్యం వచ్చింది.

"అప్పా, రేపు పొద్దన్నే లారీ వస్తాంది. పాపకు పరీచ్చలుండాయి. నేనొచ్చేదాకా మీ పంచలో పండుకుంటాది, లోపలికి రాదు. బియ్యం నేనే పోసిపోతా. పెట్టుకో అప్పా."

ఆడపిల్ల బాధ్యత. పొద్దున ఆలోచించి చెబుతానన్నాను. నేను నిద్ర లేచేసరికి లారీ వెళ్లిపోయింది. మూటల మీద, పుస్తకాల సంచి ఒళ్లో పెట్టుకుని ఆ పిల్ల కూర్చుని ఉందని చూసినవాళ్లు చెప్పారు. ఆ ఏడు పరీక్షలు రాయలేదు.

ఇంతవరకు రాసి నా భార్యకు చదివి వినిపించాను. శెనక్కాయలు వొలుస్తున్న ఆమె తలెత్తలేదు.

"పొద్దన సెప్తాననింటివా? అబద్దం. 'వద్దు, ఏదన్నా అయితే నా మెడకు సుట్టుకుంటాది' అంటివి. పొద్దన ఆ పిల్ల ఒక్కతే మళ్లా వచ్చి తలుపు కొట్టె. నువ్వు మేలుకొనే ఉంటివి. నేను లేస్తాంటే, లేవద్దని నా సెయ్యి పట్టుకుంటివి."