మొదటి వరుసలో పెట్టిన వ్యాసం

పరిశోధన సంస్థ లైబ్రరీలో ఆమె పని లెక్కపెట్టడం. ఒక శాస్త్రవేత్త రాసిన వ్యాసాన్ని ఇంకొకరు తమ వ్యాసంలో పేర్కొంటే అది ఒక సైటేషన్. ఎవరికి ఎన్నున్నాయో వెతికి, వాళ్ల వ్యాసాల జాబితాతో సహా కంప్యూటర్‌లోకి ఎక్కించాలి. పదకొండేళ్లుగా అదే పని. అటెండర్లు ఆమెను సైటేషనమ్మ అంటారు. ఇంట్లో వదినైతే, "మీ ఆడపడుచు ఏం చేస్తుంది?" అని ఎవరడిగినా, "ఎవరు ఎవర్ని తలుచుకున్నారో రాసుకుంటుంది" అంటుంది. ఆ మాటకు ఆమె కూడా నవ్వేది.

రెండో అంతస్తు చివరి గదిలో ఉండే నాచు సారుకు ఈ లెక్కలంటే హడలు. ఆయన రాళ్లమీద పెరిగే నాచుల మీద ఇరవై ఆరేళ్లుగా పనిచేస్తున్నాడు. లోకం మొత్తంలో ఆ పని చేసేవాళ్లంతా ఒక బస్సులో పడతారు. వాళ్లలో వాళ్లు ఎన్నిసార్లని పేర్కొంటారు? గుండె జబ్బుల మీద రాసినాయనకు ఏడాదిలో వచ్చేవి ఈయనకు జన్మలో రావు. ఇది అన్యాయమని ఏళ్ల తరబడి మొరపెట్టుకోగా, సంస్థ ఈసారి కొత్త పద్ధతి తెచ్చింది. ఎవరి సైటేషన్లను వాళ్ల రంగపు సగటుతో భాగిస్తారు. ఒకటి దాటితే ఉద్యోగం ఉంటుంది. తగ్గితే పొడిగించరు.

"ఈసారి మనల్ని కూడా మనుషుల్లో లెక్కేస్తారంటావా అమ్మా?" అన్నాడు నాచు సారు, పెన్ను మూత తీస్తూ పెడుతూ.

"వేస్తారు సార్. మీ ఫైలు నేనే చేస్తాను."

చేసింది. ఆయన వ్యాసాలు పందొమ్మిది. వాటిలో కాస్త పేరొచ్చింది ఒక్కదానికే. తడిగోడల మీది నాచు వల్ల వచ్చే ఉబ్బసం గురించి ఎప్పుడో ఇద్దరు డాక్టర్లతో కలిసి రాసింది. అందరి జాబితాలూ తేదీల వరుసలో పెట్టే మనిషి, బుట్టలో మంచి కాయలు పైకి పేర్చినట్టు, దాన్ని తెచ్చి మొదటి వరుసలో పెట్టింది. ఫైళ్లు చూసే కమిటీవాళ్ల చూపు ముందు దానిమీద పడాలని ఆమె ఆశ. మొదటి వరుసలో ఉన్న పత్రికను బట్టే కంప్యూటర్ ఆ శాస్త్రవేత్త రంగాన్ని నిర్ణయిస్తుందని ఆమెకెవరూ చెప్పలేదు.

ఫలితాలు నోటీసు బోర్డు మీద అంటించారు. నాచు సారు పేరు పక్కన రంగం: వైద్యం. అంకె: సున్నా పాయింట్ మూడు.

 ఆమె లైబ్రరీకి వచ్చి అదే జాబితాను తేదీల వరుసలో పెట్టి చూసింది. రంగం వృక్షశాస్త్రానికి మారింది. అంకె రెండు పాయింట్ ఒకటికి ఎక్కింది.

సూపరింటెండెంట్ గదికి పరుగెత్తింది. "తప్పు నాదండీ. వరుస నేనే మార్చాను."

"ఆయన మార్చమన్నాడా?"

"లేదండీ, మంచి జరుగుతుందని నా అంతట నేనే..."

"చాల్లే తల్లీ, ఇంకెక్కడా అనకు. సంతకాలైపోయాయి. ఒక ఫైలు తిరగదోడితే నలభైమంది నా గుమ్మంలో కూర్చుంటారు. ఆయన ఉద్యోగం ఎలాగూ పోయింది, నీదైనా ఉంచుకో."

ఆమె వినలేదు. ఆ రోజే అంతా కాగితం మీద రాసి, సంతకం పెట్టి ఇచ్చింది. మూడు వారాలకు జవాబొచ్చింది. సవరణను వచ్చే మూల్యాంకనంలో పరిశీలిస్తారట. అది మూడేళ్ల తర్వాత, అప్పటికి ఉద్యోగంలో ఉన్నవాళ్లకు మాత్రమే. ఆ కవరులోనే ఆమెకు హెచ్చరిక మెమో.

ఆ కాగితం పట్టుకుని రెండో అంతస్తుకు వెళ్లింది. నాచు సారు ఎండిన నాచు నమూనాల పొట్లాలను అట్టపెట్టెల్లో సర్దుతున్నాడు. నిలబడే, తలెత్తకుండా, మొత్తం చెప్పింది. ఆయన చేతిలో పొట్లం అలాగే ఉండిపోయింది.

"సరిగ్గా పెట్టుంటే ఎంతొచ్చేది?"

"రెండు పాయింట్ ఒకటి సార్."

 "ఇది చెప్పకుండా ఉండాల్సిందమ్మా" అన్నాడు నాచు సారు. "ఈ మూడు వారాలూ, ఇన్నేళ్లూ పనికిమాలిన పని చేశాను, పంపేస్తే పంపేశారులే అని మనసుకు సర్దిచెప్పుకున్నాను. ఇప్పుడు ఏమని చెప్పుకోను?"

 ఆయన ఆ పొట్లాన్ని పెట్టెలో పెట్టి, ఇంకోటి తీసుకున్నాడు.

"నువ్వెళ్లమ్మా. సాయంత్రానికి గది తాళం ఇచ్చెయ్యాలి."