కుడి మోకాలు, ఎదురింటి మామ టేపు

బుధవారం, తొమ్మిదో తేదీ. పాలు కాచాను. ఇడ్లీ రెండు వాయిలు దించాను. మా ఆయనకు క్యారియర్ కట్టి పంపాను. మోటారు వేసి ట్యాంకు నింపాను. బట్టలు నానబెట్టాను. ఆరో పని, మేడ మీద మిరపకాయలు ఆరబోయడం, సగంలో ఉండగా ఎదురింటి అత్త మా గేటు దగ్గర నిలబడి పిలిచింది.

"అమ్మాయ్, మీ మామ లేస్తా లేడు. ఒకసారి రా."

పరుగెత్తాను. ఆయనే నేర్పినట్టు మణికట్టు మీద బొటనవేలి కింద మూడు వేళ్ళు పెట్టి గడియారం చూశాను. అర నిమిషం చాలనేవాడు. నేను రెండు నిమిషాలు పట్టుకున్నాను. ఏమీ తగల్లేదు. నా పుస్తకంలో ఆ రోజు పనుల పట్టీ అక్కడే ఆగిపోయింది.

వరసకు ఆయన మాకేమీ కాడు. ఇరవై ఏళ్ళుగా ఎదురింట్లో ఉన్నందుకు మామ. వాళ్ళు చర్చికి పోయేవాళ్ళు, మేము కొండకు పోయేవాళ్ళం. సైన్యంలో వైద్య సహాయకుడిగా చేసి రిటైరై తిరుపతికొచ్చి మా వీధిలో ఇల్లు కట్టుకున్నాడు. సైన్యంలో చేరాలనుకునే పిల్లలు చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఆయన్ను వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు. ఒక్కొక్కరినీ కాళ్ళు తడుపుకుని వరండా సిమెంటు మీద నడవమనేవాడు. తడి అడుగు మధ్యలో వంపు కనిపిస్తే "పోయిరా" అని భుజం తట్టేవాడు. అడుగు మొత్తం అచ్చు పడితే కూర్చోబెట్టి, కాఫీ తాగించి, చదును పాదాలను సైన్యం తీసుకోదని ఆ తర్వాత చెప్పేవాడు. చెవి గుబిలి కోసం పిన్నీసు పెట్టుకున్నవాళ్ళను మాత్రం తిట్టేవాడు. "పిన్నీసు పెట్టుకునేటోడు సైన్యానికి కాదురా, మా ఇంటి కుక్కను కాసేదానికి కూడా పనికిరాడు!" ఆయనకు కుక్క లేదు.

మా పాపకు సైనిక అకాడమీలో సీటు వచ్చినప్పుడు మాకంటే ముందు వీధిలో చెప్పింది ఆయనే. రాత పరీక్ష, ఇంటర్వ్యూ, వైద్య పరీక్ష అన్నీ దాటింది. తీసుకెళ్ళాల్సిన సామాను పట్టీ వచ్చింది, నలభై ఒక్క రకాలు. ఒక్కొక్కటీ కొని, పెట్టెలో సర్ది, పక్కన టిక్కు పెట్టాను. ఇక మిగిలింది మొక్కు. పాప పరీక్ష రాసేటప్పుడు, సీటు వస్తే మోకాళ్ళ మెట్టు పాప చేత మోకాళ్ళ మీద ఎక్కిస్తానని మొక్కుకున్నాను. దేవుడికి బాకీ ఉంచి బిడ్డను పంపకూడదనుకున్నాను. ప్రయాణం పన్నెండు రోజులుందనగా అలిపిరి మెట్ల దారిన బయలుదేరాం. మోకాళ్ళ మెట్టు దగ్గర, ఇంకా కొన్ని మెట్లుండగా పాప పక్కకు ఒరిగింది. కుడి మోకాలు రాతి అంచుకు తగిలింది. తెల్లారేసరికి బూరెలా పొంగింది.

మొక్కుకున్నది నేను, మోకాలు పాపది.

మామ వచ్చి చిప్ప పక్కన వేళ్ళతో నొక్కి చూశాడు. "నీళ్ళు చేరినాయి" అన్నాడు. చొక్కా జేబులోంచి గుడ్డ టేపు తీసి రెండు మోకాళ్ళూ కొలిచాడు. కుడిది రెండు సెంటీమీటర్లు ఎక్కువ. టేపు నా చేతిలో పెట్టి, "పొద్దున, సాయంత్రం కొలిచి నీ పుస్తకంలో రాసిపెట్టు" అన్నాడు. ఎముకల డాక్టరు లోపల నరం బెణికిందని, కనీసం మూడు వారాలు కాలికి పని చెప్పొద్దని అన్నాడు. మాకున్నది పదకొండు రోజులు.

అకాడమీ కాగితాల్లో ఒకటి, వైద్య పరీక్ష తర్వాత ఏదైనా జబ్బు గానీ గాయం గానీ అయిందా అని అడుగుతుంది. పాప పెన్ను పట్టుకుని నా వైపు చూసింది.

"ఏమీ లేదని రాయి" అన్నాను.

"ఉండాదని రాయి పాపా" అన్నాడు మామ.

"పోయేనాటికి వాపు తగ్గిపోతాది మామా. మీరు గమ్మునుంటే చాలు."

"వాపు తగ్గుతాది. నరం తగ్గదు. ఆడ పోయినాక పొద్దున లేస్తే పరుగే గదమ్మా." ఆయన టేపు చేతిలోకి తీసుకుని వేలికి చుట్టుకున్నాడు. "నేను సైన్యం భర్తీ పరీక్షల్లో టేపు పట్టుకునే రోజుల్లో మన చిత్తూరు పక్క పిల్లోడొకడు వచ్చినాడు. కాలు కొంచెం వాచి ఉండాది. తెలుగులో బతిమాలినాడు. అంత దూరంలో తెలుగు ఇని నా మనసు కరిగిపోయింది. రెండు కాళ్ళూ సమానమని సెప్పేసినాను. మూడో నెలలో ఆ కాలే ఇరిగింది. ఇప్పటికీ కుంటతానే ఉండాడంట. ఆ రోజు నా సేతిలో ఉన్నింది ఈ టేపే."

ఇదంతా విన్నాక కూడా నేనన్న మాట ఇది: "మీకు పిల్లల్లేరు. బిడ్డ సీటు పోతే ఎట్లుంటాదో మీకేం తెలుసు?"

మామ టేపును చుట్టచుట్టి బల్ల మీద పెట్టాడు. "తెలీదులే అమ్మా. మోకాలు మాత్రం తెలుసు" అని చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

పాప ఉన్నది ఉన్నట్టు రాసింది. వాళ్ళ నాయన సంతకం పెట్టాడు. నేను పెట్టలేదు.

అకాడమీలో మళ్ళీ పరీక్ష చేశారు. ప్రస్తుతానికి శిక్షణకు పనికిరాదని, మోకాలు బాగై మళ్ళీ పరీక్షలో నెగ్గితే తర్వాతి జట్టులో చేర్చుకుంటామని కాగితమిచ్చి పంపేశారు. నెగ్గకపోతే సీటు పోయినట్టే. రేణిగుంట స్టేషన్లో పాప దిగింది, పెట్టె దిగింది. ఇంటికొచ్చి నలభై ఒక్క రకాలూ ఒక్కొక్కటే బయటికి తీసి పట్టీలో చూసుకున్నాను. ఏదీ తగ్గలేదు. ఎదురింటి వైపు చూడకుండా గేటు వేసుకున్నాను.

ఆయన మాత్రం మర్నాటి సాయంత్రమే వచ్చాడు. ఆరు నెలలు ఒక్క పూట తప్పలేదు. పాప చీలమండకు బరువు కట్టి, మంచం అంచున కూర్చోబెట్టి, కాలు లేపించి లెక్కపెట్టేవాడు. నేను మాట్లాడేదాన్ని కాదు. నాతో పని పడితే పాపతో చెప్పేవాడు. "పాపా, సంచిలో ఇసక పొయ్యమంటే మీయమ్మ ఉప్పు పోసింది. చెమటకు కరిగి కాలు ఊరగాయవుతాది, సెప్పు." పాప పడీపడీ నవ్వేది. నేను వంటింట్లో మూతి బిగించుకుని నవ్వేదాన్ని.

రోజూ టేపు కొలతలు రాసింది మాత్రం నేనే. రెండు మోకాళ్ళూ సమానమైన రోజు ఆయన టేపు మీద నీలం సిరాతో ఆ కొలత దగ్గర గీత గీశాడు. పాప మళ్ళీ వెళ్ళింది. ఈసారి పెట్టె తిరిగి రాలేదు. మొదటి నెల గడిచాక ఫోనులో, "అమ్మా, ఈరోజు గులకరాళ్ళ మీద మోకాళ్ళతో పాకించినారు. తాతకు సెప్పు, కుడిది గమ్మునే ఉండాదని" అంది.

ఆ మాట చేరవేశాను. ఆ వంకతో మళ్ళీ మాటలు కలిశాయి. కరెంటు గురించి, నీళ్ళ గురించి, ఆయన బీపీ మాత్రల గురించి మాట్లాడుకున్నాం. అసలు మాట మాత్రం రాలేదు. రోజూ పనుల పట్టీ చివర "మామతో మాట్లాడాలి" అని రాసుకునేదాన్ని. అవ్వని పని మర్నాటి పేజీలోకి మార్చడం నా అలవాటు. అలా ఏడాదికి పైగా మారుస్తూ వచ్చాను. పాప శిక్షణ ముగిసే రోజున ఆయన్నీ అత్తనూ వెంటబెట్టుకుపోయి, అక్కడ చెబుదామనుకున్నాను.

గురువారం ఆయన్ను పెట్టెలో పడుకోబెట్టారు. తెల్ల చొక్కా. అత్త పక్కన కూర్చుని ఆ రోజు నేనన్న మాట గురించి చెప్పబోయాను. మొదలుపెట్టగానే ఆమెకు అర్థమైంది.

"ఆ పొద్దు ఇంటికొచ్చి ఏమన్నాడో తెలుసా? 'ఆ అమ్మి తల్లి మాదిరి మాట్లాడింది, నేను కాంపౌండరు మాదిరి మాట్లాడినాను. ఇద్దరిదీ డ్యూటీనే' అన్నాడు. ఆ రాత్రి అన్నం మాత్రం తినలా."

చివరి ముక్క ఆమె చెప్పకుండా దాచగలిగేది. దాచనందుకే ఆమెకు దణ్ణం పెట్టాలనిపించింది.

ఫోనులో పాప ఏడుస్తూ ఒకటే అడిగింది, టేపు తాత దగ్గరే పెట్టమని. చుట్టచుట్టి ఆయన జేబులో పెట్టాను. కొస బయటికి జారింది, నీలం గీత పైకే కనిపిస్తోంది. లోపలికి తొయ్యలేదు. వంగి ఆయన చెవి దగ్గర అన్నాను, "మీకు తెలుసు మామా. నాకే తెలీలేదు."

సమాధి దగ్గర్నుంచి వచ్చినవాళ్ళు పంపు దగ్గర కాళ్ళు కడుక్కుని వరండా దాటి లోపలికెళ్ళారు. సిమెంటు మీద తడి అడుగులు పడ్డాయి, కొన్ని వంపుతో, కొన్ని మొత్తంగా. నేను గడప పక్కన నిలబడి అవి ఆరిపోయేదాకా చూశాను.

ఇంటికొచ్చి పుస్తకం తీశాను. ఇరుగుపొరుగు దగ్గర చేబదులు తెచ్చుకున్నవి రాసే పేజీలో "ఎదురింటి మామ, గుడ్డ టేపు ఒకటి" అని ఇంకా కొట్టేయని వరుస ఉంది. దాని మీద గీత గీసి, పక్కన రాశాను: ఇచ్చేశాను. చెల్లు.